మీ ఇంటి సున్నా ఎక్కడుంది?

కొండమీద ఇల్లు కట్టడం కష్టమనుకుంటాం. నిజానికి అరచేయంత చదునుగా ఉండే డెల్టాలో కట్టడమే అసలైన పరీక్ష! అక్కడ బెత్తెడు ఎత్తు తేడా చాలు... వాన నీళ్లు వీధిలో ఉండాలా, నట్టింట్లోకి రావాలా అన్నది తేలిపోతుంది. ఇప్పుడా బెత్తెడు లెక్కని కంప్యూటర్ చూసుకుంటోంది. మరి ఆ లెక్క ఎక్కడ తప్పుతుంది? ఎలా సరిచూసుకోవాలి? తెనాలి, బాపట్ల, రేపల్లెలని ఓసారి చుట్టొస్తే అంతా అర్థమవుతుంది.

కంప్యూటర్ తెరమీద రెండంతస్తుల ఇల్లు. వరండా, మెట్లు, పిట్టగోడ, మేడమీద నీళ్ల ట్యాంకు... అన్నీ చక్కగా అమరాయి. ఇక సర్వేయరు ఇచ్చిన స్థలం ఫైలుని తెచ్చి దానికి జతచేయడమే తరువాయి. తీరా జతచేశాక చూస్తే... ఇల్లు కనపడదు! వెతగ్గా వెతగ్గా దొరుకుతుంది. ఎక్కడో నేలకి ఏడెనిమిది మీటర్ల కింద, బావిలో పడ్డ చెంబులా! ఇంకోసారి ఇల్లు గాల్లో తేలుతుంటుంది. మరోసారి ఇల్లు ఉన్నచోటే ఉంటుంది కానీ స్థలమే వేల కిలోమీటర్ల అవతలికి ఎగిరిపోతుంది.

ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో, ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో ఇది మామూలుగా ఎదురయ్యే తంటానే. బొమ్మ మాయమైతే పర్లేదు, తప్పు ఉందని వెంటనే తెలిసిపోతుంది. ఇల్లు ఎనిమిది మీటర్లు కాకుండా ఎనిమిది అంగుళాలే కిందికి దిగితేనే అసలు ప్రమాదం. తెరమీద అది ఎవరి కంటికీ ఆనదు. గోడలు లేచి, రంగులు పడి, గృహప్రవేశం అయ్యాక మొదటి తుపానుకి గానీ బయటపడదు. అప్పటికి అప్పుచేసి తెచ్చిన డబ్బంతా ఇటుకల్లో ఇమిడిపోయి ఉంటుంది.

గీతల నుంచి ఇంటిదాకా...

ఒకప్పుడు ఇంటి ప్లానంటే నీలిరంగు కాగితం. 1982లో ఆటోక్యాడ్ వచ్చాక కాగితం మీది గీతలు కంప్యూటర్లోకి ఎక్కాయి. కానీ అవి అప్పటికీ గీతలే. గోడ అంటే రెండు గీతలు, తలుపంటే ఓ చాపం. అది గోడ అని కంప్యూటర్‌కి తెలియదు. 1984లో హంగరీలో పుట్టిన ఆర్కిక్యాడ్, 2000లో మార్కెట్లోకి వచ్చి 2002లో ఆటోడెస్క్ చేతికి వెళ్లిన రెవిట్... ఇలాంటివి ఆ పద్ధతినే మార్చేశాయి. వీటిలో గోడ అంటే గోడే. దానికి పొడవూ మందమూ ఎత్తూ ఉంటాయి. అందులో ఇటుకెంత, సిమెంటు పూత ఎంత అన్నదీ ఉంటుంది. కిటికీని ఒకచోట జరిపితే ప్లాను, ముఖచిత్రం, కొలతల పట్టిక... అన్నీ వాటంతటవే మారిపోతాయి. దీన్నే 'బిమ్' పద్ధతి అంటున్నారు. 2000లోనే వచ్చిన స్కెచప్ అయితే కొత్తవాళ్లు కూడా తేలిగ్గా నేర్చుకోగలిగేలా ఉంటుంది.

వీటన్నిట్లోనూ ఇంటితోపాటు నేలని కూడా తయారుచేసుకోవచ్చు. రెవిట్‌లో 2023 వెర్షన్ దాకా నేలంటే ఓ పల్చని దుప్పటి. 'టోపోసర్ఫేస్' అనేవారు. 2024 వెర్షన్ నుంచి అది మందం ఉన్న మట్టిదిమ్మె అయింది. పేరు 'టోపోసాలిడ్'. ఆర్కిక్యాడ్‌లో 'మెష్', స్కెచప్‌లో 'శాండ్‌బాక్స్'... పేర్లు వేరైనా పని ఒకటే. సర్వేయరు కొలిచిన ఎత్తుపల్లాలని తెరమీద నేలగా పరచడం, దానిమీద ఇంటిని కూర్చోబెట్టడం.

చిక్కంతా ఆ కూర్చోబెట్టడంలోనే ఉంది!

ఇంటికో సున్నా, ఊరికో సున్నా

తాపీమేస్త్రిని 'గది ఎత్తెంత?' అని అడిగితే గచ్చు మీద నుంచి కొలిచి పదడుగులో, పదిన్నరో అంటాడు. ఆయన దృష్టిలో గచ్చే సున్నా. అది సముద్రానికి ఎంత ఎత్తులో ఉందన్నదానితో ఆయనకి పనిలేదు. ఆర్కిటెక్టు కూడా అంతే. కింది అంతస్తు గచ్చుని సున్నా అనుకుని అక్కణ్నుంచి పైకి గీసుకుంటూ పోతాడు.

సర్వేయరు లెక్క వేరు. ఆయన సున్నా ఈ ఇంట్లో ఉండదు, ఈ వీధిలోనూ ఉండదు. అది సముద్రం దగ్గర ఉంటుంది. మనదేశంలో ఎత్తుల లెక్కకి చాలాకాలంపాటు ఆధారంగా నిలిచింది 1909లో సర్వే ఆఫ్ ఇండియా స్థిరపరిచిన సగటు సముద్రమట్టం. కరాచీ, ముంబయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్... ఈ తొమ్మిదిచోట్ల పోటూపాటుల్ని ఏళ్లతరబడి కొలిచి తేల్చిన సున్నా అది. రైల్వేస్టేషన్లలో పసుపు బోర్డు మీద ఊరి పేరుతోపాటు చిన్న అక్షరాల్లో సముద్రమట్టానికి ఎత్తు అని రాసి ఉంటుంది చూశారా... ఆ లెక్క మొదలయ్యేది ఇలాంటి సున్నా నుంచే.

ఇప్పుడు ఉదాహరణకి రేపల్లెలో ఓ స్థలం సముద్రమట్టానికి 6.40 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. సర్వే ఫైల్లో నేల 6.40 దగ్గరుంటుంది. ఇంటి ఫైల్లో గచ్చు సున్నా దగ్గరుంటుంది. రెంటినీ కలిపితే ఏమవుతుంది? నేల కన్నా ఇల్లు ఆరు మీటర్లు కిందకి దిగిపోతుంది. కంప్యూటర్ తప్పు చేయలేదు. రెండు సున్నాలున్నాయని దానికెవరూ చెప్పలేదంతే!

అందుకే ఈ సాఫ్ట్‌వేర్లలో రెండు సున్నాలకీ విడివిడిగా గుర్తులుంటాయి. రెవిట్‌లో ఒకదాన్ని 'ప్రాజెక్ట్ బేస్ పాయింట్' అంటారు. అది ఇంటి సున్నా. రెండోది 'సర్వే పాయింట్'. అది ఊరి సున్నా. 'ఇంటి గచ్చు సున్నా అంటే సముద్రమట్టానికి 7.30 మీటర్లు' అని ఒక్కసారి చెబితే చాలు. ఇల్లు తన లెక్కలో తానుంటుంది, స్థలం తన లెక్కలో తానుంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. ఇల్లు గీసేవాళ్లూ పిల్లర్ల లెక్క కట్టేవాళ్లూ పైపులైన్లు వేసేవాళ్లూ... అందరి ఫైళ్లూ ఆ ఒక్క లెక్కనే పంచుకోవాలి. ఎవరికివారు తమ ఫైల్లో ఇంటిని చేత్తో జరుపుకుంటే మాత్రం పెళ్లివారొకచోట, విడిది ఒకచోట అన్నట్టే ఉంటుంది.

స్థలం ఎందుకు ఎగిరిపోయింది?

ఎత్తు సంగతి సరే, మరి స్థలం వేల కిలోమీటర్ల అవతలికి పోవడమేంటి? దానికీ ఓ లెక్కుంది. సర్వేలో ఎక్కువగా వాడే యూటీఎం పద్ధతిలో భూగోళాన్ని నిలువు పట్టీలుగా విడదీస్తారు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ 44వ పట్టీలోకి వస్తాయి. ఆ పద్ధతిలో ఉత్తరం వైపు కొలత భూమధ్యరేఖ దగ్గర మొదలవుతుంది. కాబట్టి తెనాలిలో ఓ వాకిలి చిరునామా అంటే ఉత్తరానికి దాదాపు 18 లక్షల మీటర్లు, తూర్పు వైపు సుమారు 4.6 లక్షల మీటర్లు అని వస్తుంది.

ఇంటి ఫైలుకి ఇంత పెద్ద అంకెలు గిట్టవు. మిల్లీమీటర్లలో తలుపు చెక్కని లెక్కపెట్టే ప్రోగ్రాంకి వందల కిలోమీటర్లు ఒకేసారి ఇస్తే తడబడుతుంది. గీతలు వంకర్లు పోతాయి, మూలలు కలవవు. నమూనా మొత్తం 20 మైళ్లు, అంటే 32 కిలోమీటర్లు దాటి పరచుకుంటే రెవిట్ హెచ్చరిస్తుంది. అంటే ఇంచుమించు తెనాలి నుంచి రేపల్లెకి తిన్నగా గీత గీసినంత దూరం. ఆపైన దానికి చేతకాదు. అందుకని స్థలాన్ని ఇంటి దగ్గరికి తెచ్చుకోవాలి, దాని అసలు చిరునామాని మాత్రం సర్వే పాయింటుకి అప్పజెప్పాలి. అంతే తప్ప ఇంటిని మోసుకెళ్లి భూమధ్యరేఖ లెక్కలో పెట్టకూడదు.

కొలతల్లో ఇంకో తకరారు కూడా ఉంది. సర్వేయరు మీటర్లలో కొలుస్తాడు. మేస్త్రీకి అడుగులూ అంగుళాలూ కావాలి. స్థలం కొన్నాయన గజాల్లోనూ సెంట్లలోనూ మాట్లాడతాడు. ఫైలు తెచ్చేటప్పుడు ఇది మీటరా, అడుగా అన్నది సరిగ్గా చెప్పకపోతే స్థలం మూడింతలు పైగా సాగిపోతుంది, లేదా మూడోవంతుకి కుంచించుకుపోతుంది.

జీపీఎస్ చెప్పే వింత ఎత్తు

టోటల్ స్టేషన్ స్థానంలో ఇప్పుడు జీపీఎస్ సర్వే పరికరాలూ డ్రోన్లూ వచ్చాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలోనూ వాటినే వాడారు. వీటితో పని చకచకా అయిపోతుంది. కానీ ఎత్తుల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. జీపీఎస్ తనంతట తాను సముద్రమట్టం నుంచి కొలవదు. భూగోళాన్ని నున్నటి కోడిగుడ్డులాంటి ఆకారంగా ఊహించుకుని దాని పైపెంకు నుంచి కొలుస్తుంది. అసలు సముద్రమేమో ఆ పెంకుకి అంటిపెట్టుకుని ఉండదు. భూమి లోపలి బరువుల తేడా వల్ల కొన్నిచోట్ల ఉబ్బి, కొన్నిచోట్ల కుంగి ఉంటుంది. ప్రపంచం మొత్తమ్మీద అది బాగా కుంగింది మన హిందూ మహాసముద్రంలోనే. శ్రీలంకకి దక్షిణాన వంద మీటర్లకి పైగా కుంగి ఉంటుంది.

ఆ ప్రభావం మన తీరం మీదా ఉంది. కాబట్టి బాపట్లలో పొడినేల మీద నిలబడి కొలిచినా జీపీఎస్ ముడిలెక్క సున్నాకి పదుల మీటర్ల కిందున్నట్టు చూపిస్తుంది. దాన్ని సముద్రమట్టం లెక్కకి మార్చకుండా ఇంటి ఫైల్లో పెడితే నేల పాతాళానికి, ఇల్లు ఆకాశానికి! 'ఈ ఎత్తు ఎక్కణ్నుంచి కొలిచారు?' అన్న ఒక్క ప్రశ్న అడిగితే ఆ తంటా తప్పుతుంది.

చదునే అసలు సమస్య

అరకులోనో పాడేరులోనో స్థలం కొలతలు తప్పయితే తెరమీద చూడగానే తెలిసిపోతుంది. కొండ ఉండాల్సిన చోట మైదానం కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా. డెల్టాలో ఆ అవకాశం లేదు. సర్వే ఫైళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఎత్తులన్నీ గీతల పక్కన అంకెలుగా రాసి ఉంటాయి, గీతలు మాత్రం అన్నీ సున్నా ఎత్తులోనే ఉంటాయి. మనిషికి అంకె కనపడుతుంది, కంప్యూటర్‌కి గీతే కనపడుతుంది. దాంతో అది నేలని పలకలా చదునుగా పరుస్తుంది. డెల్టాలో నేల నిజంగానే పలకలా ఉంటుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటారు!

ఎంత చదునో చూడండి. తెనాలి సముద్రమట్టానికి పది మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. బాపట్ల, రేపల్లె పది మీటర్ల లోపే. తెనాలి నుంచి బాపట్లకి తిన్నగా చూసినా 40 కిలోమీటర్లు పైనే. అంత దూరానికి నేల దిగేది నాలుగైదు మీటర్లు. ఇరవై మీటర్లకో గీత చొప్పున ఎత్తుల పటం గీస్తే తెనాలి నుంచి సూర్యలంక కెరటాల దాకా ఒక్క గీత కూడా పడదు. అందుకే ఇక్కడ ఇంటిస్థలానికి పది, పదిహేను సెంటీమీటర్లకో గీత ఉండాలి.

మరి ఉచితంగా దొరికే ఉపగ్రహ పటాల మాటేంటి? కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఊరి పేరు కొడితే చాలు, నేల దానంతటదే వచ్చి పరచుకుంటుంది. అలాంటి పటాలకి పెద్ద ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక 11 రోజులపాటు చేసిన రాడార్ సర్వే. ఎత్తులో పొరపాటు 16 మీటర్లు మించకూడదన్నది ఆ ప్రయోగం పెట్టుకున్న హద్దు. చాలాచోట్ల అంతకన్నా మెరుగ్గానే వచ్చింది. అయినా చూడండి... ఆ హద్దే తెనాలి ఎత్తు కన్నా ఎక్కువ! పైగా రాడార్‌కి కొబ్బరిచెట్టు తలా మేడకప్పూ కూడా నేలలాగే కనిపిస్తాయి. మన ఇస్రో 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 ఇచ్చిన ఎత్తుల పటాలు భువన్ పోర్టల్లో దొరుకుతాయి. ఊరి వాలు ఎటో చూసుకోవడానికి ఇవి భేషుగ్గా పనికొస్తాయి. వాకిట్లో ఎన్ని మెట్లు కట్టాలో తేల్చడానికి మాత్రం పనికిరావు. దానికి స్థలంలో నిలబడి కొలవాల్సిందే.

కొలిచేటప్పుడూ ఓ మెలిక ఉంది. సర్వేయరు ఇచ్చిన చుక్కల్ని మూడేసి చొప్పున కలిపి త్రిభుజాలుగా అల్లి కంప్యూటర్ నేలని తయారుచేస్తుంది. రెండు చుక్కల మధ్య ఏముందో దానికి తెలియదు. పొలంగట్టు మీద ఒక్క చుక్క కూడా తీసుకోకపోతే తెరమీద గట్టు ఉండదు. పంటబోదె అడుగున కొలవకపోతే బోదె పూడిపోతుంది. చుక్కలు ఎన్ని తీశారన్నది కాదు, నేల విరిగే చోటల్లా తీశారా లేదా అన్నదే ముఖ్యం.

ట్రాక్టర్ల లెక్క

డెల్టాలో స్థలం కొన్నవాళ్లు మొదట చేసే పని మెరక తోలించడం. ఇక్కడే సాఫ్ట్‌వేర్ తన జీతం తాను సంపాదించుకుంటుంది. ఉన్న నేలకీ కావాల్సిన నేలకీ మధ్య ఎంత మట్టి పడుతుందో అది క్షణాల్లో చెప్పేస్తుంది. కానీ ఆ అంకె సర్వే ఎంత నిజమో అంతే నిజం.

పాతిక సెంట్ల స్థలమే తీసుకుందాం. అంటే వెయ్యి చదరపు మీటర్ల పైచిలుకు. నేల ఎత్తు పది సెంటీమీటర్లు తప్పుగా చదివితే తేడా వంద ఘనపు మీటర్లు. ట్రాక్టరుకి మూడు ఘనపు మీటర్ల మట్టి పడుతుందనుకుంటే 33 ట్రాక్టర్ల పైమాటే. వదులుగా పోసిన మట్టి తడిపి రోలరు తొక్కాక అణుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. బెత్తెడు పొరపాటు ఖరీదది!

మూడు ఊళ్లు... మూడు పాఠాలు

1850ల్లో కృష్ణమీద ఆనకట్ట కట్టినప్పుడు కంప్యూటర్లు లేవు. ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1855కి ఆనకట్ట పూర్తయింది. ఈ డెల్టా కాల్వల సూత్రం ఒకటే. పారే కాల్వ మెరక మీద, మురుగుకాల్వ పల్లంలో. కంటికి ఆనని ఎత్తుపల్లాలని లెవెల్ పరికరంతో కొలిచి, నేల ఎటు చెబితే అటు కాల్వని మళ్లించారు. సీతానగరం నుంచి వచ్చిన పడమటి ప్రధాన కాల్వ దుగ్గిరాల దగ్గర పాయలుగా చీలేదీ అలాగే. నేలకి తగ్గట్టు కట్టడమంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఒకరు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు.

తెనాలి: మూడు కాల్వలు ఊరి మధ్య నుంచి పారే ఈ 'ఆంధ్రా పారిస్'లో ఓ సంగతి గమనించాలి. పొలాలకి నీళ్లు వాటంతటవే పారాలంటే కాల్వలో నీటిమట్టం పక్క నేల కన్నా ఎత్తులో ఉండాలి. కాబట్టి ఇంటి వెనక కాల్వ ఉంది కదా, వాననీళ్లు అటు పోతాయిలే అనుకోవడానికి లేదు. పోవాల్సింది మురుగుకాల్వకి. అది ఎక్కడుందో, ఎంత లోతుందో తెరమీద నమూనాలో ఉండాల్సిందే.

ఊళ్లు పెరిగేకొద్దీ ఎదురయ్యే మరో బెడద రోడ్డు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంటి పునాది మట్టం చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలి. దాన్ని లెక్కపెట్టుకుని కట్టేస్తారు. ఆ తర్వాత రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దానిమీదే ఇంకో పొర వేస్తే? పొరకి 15 సెంటీమీటర్లనుకున్నా మూడు పొరలకి ఆ 45 కాస్తా కరిగిపోతుంది. ఇల్లు కుంగలేదు, వీధే లేచింది. వాననీళ్లకి ఆ తేడా తెలియదు! అందుకే పునాది ఎత్తుని ఇవాళ్టి రోడ్డు నుంచి కాకుండా ఊళ్లో మారని గుర్తు నుంచి కొలవాలి. లాకుల దగ్గరా వంతెనల మీదా ఉండే బెంచ్‌మార్కులు అందుకు పనికొస్తాయి. రేపు రోడ్డు ఎంత లేవొచ్చో కూడా నమూనాలోనే వేసి చూసుకోవచ్చు.

బాపట్ల: 1977 నవంబరు 19 నాటి తుపానుని ఈ తీరం ఎన్నటికీ మరవదు. నదికి అవతలున్న దివిసీమలో ఉప్పెన ఐదు మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల ప్రాణాలు పోయాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటిందీ బాపట్ల దగ్గరే. ఐదు మీటర్ల ఉప్పెన అంటే ఏమిటో తెరమీద వేసి చూస్తేనే అర్థమవుతుంది. నేల మూడు మీటర్ల ఎత్తులో ఉన్నచోట అది తలలోతు దాటిపోతుంది. తుపాను షెల్టర్లని స్తంభాల మీద లేపి, కింది భాగాన్ని ఖాళీగా వదిలేసే పద్ధతి అందుకే వచ్చింది.

ఇక్కడి ఇసుకదిబ్బల్ని కూడా నమూనాలో ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. సాఫ్ట్‌వేర్లో ఒక్క క్లిక్కుతో దిబ్బ చదునైపోతుంది. బయట కూడా జేసీబీకి అది పెద్ద పనేం కాదు. కానీ కెరటానికి మొదట అడ్డం పడేది ఆ దిబ్బే. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఇసుకదిబ్బల్ని సున్నితమైన జాబితాలో పెట్టింది ఊరికే కాదు. గాలి సంగతీ అంతే. మన కోస్తాలో కట్టడాలకి సెకనుకి 50 మీటర్ల గాలివేగాన్ని, అంటే గంటకి 180 కిలోమీటర్లని లెక్కలోకి తీసుకోవాలని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఇంటి ముందు సరుగుడు తోట ఉందా, ఖాళీ మైదానం ఉందా అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది.

రేపల్లె: ఇక్కడ కథంతా కరకట్ట చుట్టూ తిరుగుతుంది. కృష్ణకి వరద వచ్చినప్పుడు కట్ట లోపల నది మట్టం బయట ఊరి నేల కన్నా ఎత్తుకి చేరుతుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో అంతకు మించి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. లంక గ్రామాలు నీళ్లలో ఉండిపోయాయి. ఇలాంటి చోట ఇల్లు కట్టేవాళ్లకి ఆర్కిటెక్టు చేసిపెట్టగల మేలు ఒకటుంది. గరిష్ఠ వరదమట్టం ఎంతో కనుక్కుని, నమూనాలో సరిగ్గా ఆ ఎత్తున ఓ నీలిరంగు పలకని పరచడం! కరెంటు మీటరు పలకకి పైనుందా, కిందుందా? సెప్టిక్ ట్యాంకు గొట్టం ఎక్కడుంది? నీళ్ల సంపు మూత? బియ్యం బస్తాలు పెట్టుకునే గది? ఇంటిల్లిపాదీ ఓ చూపు చూస్తే చాలు, ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. అయితే ఆ పలక నిజం చెప్పాలంటే ఇంటి సున్నా, ఊరి సున్నా ముందు కలిసుండాలి.

మరి వాస్తు?

స్థలం దిక్కులకి సరిగ్గా లేకుండా కాస్త వారగా ఉంటే విదిక్కు స్థలం అంటారు. తెరమీద దాన్ని వారగానే ఉంచి గోడలు గీయడం చికాకు. అందుకే సాఫ్ట్‌వేర్లలో రెండు ఉత్తరాలుంటాయి. గీయడానికి వీలుగా నిటారుగా పెట్టుకునేది ఒకటి, అసలైన ఉత్తరం ఇంకొకటి. ఎండ ఏ కిటికీలోంచి ఎన్నింటికి పడుతుందో చూడాలంటే రెండోది సరిగ్గా ఉండాలి. అది తిప్పడం మరచిపోతే పడమటెండ పడే గదిని చల్లటి గది అని చూపిస్తుంది. రోహిణీకార్తెలో గానీ అసలు విషయం తెలియదు!

ఇక ఈశాన్యం పల్లం, నైరుతి మెరక అనేది చాలామంది పాటించేదే. కానీ ఊరి మురుగుకాల్వ ఏ వైపుందో నేలే చెబుతుంది. ఆవరణలో వాలు ఈశాన్యానికి ఉన్నా, అక్కడ చేరిన నీళ్లు గొట్టం ద్వారా వీధి కాల్వకి ఎలా పోతాయో చూసుకోవాలి. లేదంటే అవి చేరేది పక్కింటివాళ్ల పెరట్లోకే. చుట్టుపక్కల నేలనీ కొంతమేర కొలిపించి నమూనాలో పెట్టుకుంటే పైసా ఖర్చులేకుండా ముందే తెలిసిపోతుంది.

ఇవి అడగండి!

సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాల్సిన అవసరం ఇల్లు కట్టించుకునేవాళ్లకి లేదు. ఇంజినీరునో ఆర్కిటెక్టునో ఈ ప్రశ్నలు అడిగితే చాలు.

• స్థలం ఎత్తులు ఎక్కణ్నుంచి కొలిచారు? సముద్రమట్టం నుంచా, రోడ్డు నుంచా, జీపీఎస్ ముడిలెక్కా?

• ఇంటి గచ్చు సున్నా అంటే ఊరి లెక్కలో ఎంత? ఆ అంకె ప్లాను మీద రాసి ఉందా?

• స్థలం మూలల్లోనే కొలిచారా? గట్లు, బోదెలు, రోడ్డు మధ్యభాగం, మురుగుకాల్వ అడుగు కూడా కొలిచారా?

• పెద్ద వరదకో తుపానుకో ఈ వీధిలో నీళ్లు ఎందాకా వచ్చాయి? పాత ఇళ్ల గోడల మీద గుర్తులు ఉన్నాయా? ఆ ఎత్తు నమూనాలో ఉందా?

• పునాది తీసేముందు తెరమీది ఎత్తుని స్థలంలో ఆటోలెవెల్‌తో ఒకసారి సరిచూశారా?

ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. కంప్యూటర్ ఎంత చెప్పినా చివరికి ముగ్గు పోసేదీ పునాది తీసేదీ మట్టిలోనే. నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టాన్ని రెండు చివర్లా పట్టుకుని మట్టం చూసే తాపీమేస్త్రి పద్ధతి చాలా పాతది. కానీ నీళ్లెప్పుడూ అబద్ధం చెప్పవు. తెరమీది అంకె, గొట్టంలోని నీళ్లు ఒకే మాట చెబితే ఇక దిగుల్లేదు. చెప్పకపోతే పని ఆపి, ఎవరి సున్నా తప్పిందో తేల్చుకోవాలి. ఓ పూట ఆలస్యమైతే అవుతుంది కానీ జీవితాంతం వానాకాలం వచ్చినప్పుడల్లా గుమ్మానికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చుకునే పని తప్పుతుంది.

ఇల్లు పూర్తయ్యాక గేటు పక్కన పాలరాయి మీద ఇంటి పేరూ గృహప్రవేశం తేదీ చెక్కించడం అందరికీ ఉన్న సరదానే. ఈసారి దాని కింద ఇంకో వరుస కూడా చెక్కిస్తే బాగుంటుంది. 'ఈ గచ్చు సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు' అని. పాతికేళ్ల తర్వాత వీధి ఎంత లేచిందో, ఇంకో అంతస్తు వేయొచ్చో లేదో, ఇంటిని ఎత్తించాలో అక్కర్లేదో... మనవలు లెక్క చూసుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం ఇంకేముంటుంది!